నెయ్యి ఖాతాదారులకు ఈ-మెయిల్ ఉత్తరాలు – సేవను ఎన్నుకోవడం, వాడుకోవడం

పాలు పోసే సభ్యుల రిజిస్టరు విషయంలో మన సంఘాలు శ్రద్ధగానే వుంటాయి. రిజిస్టరు బీరువాలో వుంటుంది. తాళం కార్యదర్శి దగ్గర వుంటుంది. ఆడిట్‌కు వచ్చినవారు అడిగితే నిమిషంలో తీసి చూపిస్తారు. కాని సంఘం నెయ్యి ఏటేటా కొనేవారి జాబితా ఎక్కడ వున్నదని అడిగితే చాలాచోట్ల జవాబు రాదు. ఎవరి ఫోనులోనో వుంటుంది.

అమలాపురం వైపు ఒక సంఘంలో నేను కళ్ళారా చూసిన సంగతి ఇది. ఆ సంఘం పండుగలకు గేదె నెయ్యి కాచి సొంతంగా అమ్ముకొంటుంది. వూరు విడిచి హైదరాబాదు, బెంగుళూరు, అమెరికా వెళ్ళిన వారు దాదాపు 400 మంది దానికి ఖాతాదారులు. సంక్రాంతికి, వినాయక చవితికి ముందు వారికి ఒక ఈ-మెయిల్ వెళ్ళేది. వారు డబ్బు పంపేవారు. డబ్బాలు వారి ఇంటికో, ఇక్కడే వున్న తల్లిదండ్రుల ఇంటికో చేరేవి. ఈ పనంతా కంప్యూటరు తెలిసిన ఒక కుర్రవాడు చూసేవాడు. ఖాతా అతని పేరున, అతని ఫోను నెంబరు మీద తెరిచాడు. అతనికి హైదరాబాదులో ఉద్యోగం వచ్చింది. నెంబరు మారింది. సంక్రాంతికి ఇరవై రోజుల ముందు ఖాతా తెరవబోతే, పాత నెంబరుకు వచ్చిన అంకెలు చెప్పమని అడిగింది. ఆ నెంబరు అప్పటికి మరెవరిదో అయిపోయింది. మూడేళ్ళుగా కూడబెట్టిన చిరునామాలు కళ్ళ ముందున్నా చేతికి అందలేదు. కాచిన నెయ్యిని చివరకు టోకు వర్తకుడు చెప్పిన ధరకే ఇచ్చుకోవలసి వచ్చింది.

కుర్రవాడి తప్పు ఏమీ లేదు. జీతం లేకుండా మూడేళ్ళు పని చేసిపెట్టాడు. ఖాతా ఎవరి పేరున వున్నదని పాలకవర్గం ఒక్కసారైనా అడగలేదు, అంతే. కనుక ఈ పాఠంలో ఏ సేవ మంచిది అనే ప్రశ్నకంటె ముందు, జాబితా ఎవరిది అనే ప్రశ్న వేసుకొందాం. జాబితా సంఘానిది. సేవ అద్దె ఇల్లు. ఎప్పుడు కావలసినా సామాను తీసుకొని బయటకు రాగలిగేలా వుండాలి.

ఎవరికి ఏ దారి

అందరికీ ఈ-మెయిల్ పంపాలని చూడకండి. పాలు పోసే సభ్యులకు అది పనికిరాదు. వారికి కావలసినది ఆ పూట పాల కొలత, వెన్న శాతం, పదిరోజుల బిల్లు. అందుకు చిన్న ఫోను సందేశమే తగినది. 2022 జూలై వరదల వంటి రోజుల్లో లంక గ్రామాల్లో సేకరణ వేళ మారినా, పడవ రాకపోయినా, ఆ కబురు గంటలో అందాలి. అటువంటి సందేశాలు మూకుమ్మడిగా పంపే సంస్థలు టెలికం నియంత్రణ సంస్థ 2018లో చేసిన నిబంధనల ప్రకారం టెలిఫోను కంపెనీల వద్ద నమోదు కావాలి, పంపే పేరును, సందేశపు నమూనాను ముందుగా ఆమోదింపజేసుకోవాలి.

ఇక్కడ తెలుగు రాసేవారు తెలుసుకోవలసిన ఒక లెక్క వుంది. ఇంగ్లీషులో ఒక సందేశానికి 160 అక్షరాలు పడతాయి. తెలుగులో 70 మాత్రమే. పైగా గుణింతం, వత్తు, పొల్లు కూడా విడివిడిగా లెక్కకు వస్తాయి. మనం రెండక్షరాలు అనుకొనే ‘నెయ్యి’ ఆ లెక్కలో 6. ‘పూతరేకులు’ 9. హద్దు దాటితే ఒక సందేశం రెండుగా లెక్క కట్టి డబ్బు తీసుకొంటారు. కనుక మర్యాదలు పెంచుతూ పోతే పోస్టు కార్డుకు తంతి ఖర్చు అయినట్లు వుంటుంది.

గల్ఫ్ దేశాలకు వెళ్ళిన మన రాజోలు, మలికిపురం వైపు వారిలో ఎక్కువమంది ఫోనులోనే అన్నీ చూసుకొంటారు. వారికి వాట్సాప్ దగ్గర. అయితే అందులో మామూలు ప్రసార జాబితాకు 256 మంది హద్దు. సంఘం నెంబరును తమ ఫోనులో భద్రపరచుకొన్నవారికే అది చేరుతుంది. ఈ సంగతి తెలియక, పంపాము, ఎవరూ పలకలేదు అని నిరాశపడే కార్యదర్శులు వున్నారు.

పూతరేకులు చేసేవారి సంగతి వేరు. కొత్తపేట ప్రాంతంలోని ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆ తయారీకి నెయ్యి లేకపోతే పొర ముందుకు సాగదు. వారు 15 కిలోల డబ్బాల లెక్కన కొంటారు, వాసన చూసి కొంటారు. అటువంటివారికి ఈ-మెయిల్ రాయడం దండగ. సంచిలో చిన్న సీసా పెట్టుకొని బస్సెక్కి వెళ్ళండి.

ఇక మిగిలినవారు హైదరాబాదు మొదలు అమెరికా వరకు కార్యాలయాల్లో పనిచేసేవారు. రోజూ ఈ-మెయిల్ చూసేది వీరే. ఒక కిలో, రెండు కిలోలు కొనేవారు. ఉత్తరంలో నాలుగు మాటలు చదివి, సావకాశంగా ఇంట్లో అడిగి, జవాబు ఇచ్చేవారు. ఈ పాఠం వీరి కోసమే.

మామూలు ఖాతా ఎందుకు చాలదు

సంఘానికి వున్న జీమెయిల్ నుంచే అందరికీ పంపవచ్చు గదా అని అడుగుతారు. ఉచితంగా ఇచ్చే జీమెయిల్‌లో రోజుకు 500 మందికి హద్దు వుంది; 400 మందికి సరిపోయినట్లే కనిపిస్తుంది. కాని చిరునామాలన్నీ ‘టు’ గడిలో పెడితే ప్రతివారి చిరునామా ప్రతివారికీ కనిపిస్తుంది. ఒకరు ‘అందరికీ జవాబు’ నొక్కితే 400 ఇళ్ళలో గంట మోగినట్లే.

ఈ పొరపాటు ఈ-మెయిల్ ప్రకటన అంత పాతది. 1978 మే 3న అమెరికాలో డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ అనే కంప్యూటర్ల కంపెనీ ఉద్యోగి గ్యారీ థ్యూర్క్, తమ కొత్త యంత్రాల ప్రదర్శనకు రమ్మని దాదాపు 400 మందికి ఒకే ఉత్తరం పంపాడు. చిరునామాలు పైగడిలో పట్టక ఉత్తరంలోకే దిగిపోయాయి. యంత్రాలు అమ్ముడుపోయినవి, తిట్లూ వచ్చినవి. నాటి నుంచి నేటివరకు ఈ పనికి రెండూ వస్తూనే వున్నాయి. తిట్లు తక్కువగా, అమ్మకం ఎక్కువగా వుండేలా చూసుకోవడమే నేర్పు.

ఈ-మెయిల్ సేవ చేసే పని ఏమిటంటే, ఒక్కొక్కరికి విడిగా ఉత్తరం పంపుతుంది. తిరిగి వచ్చిన చిరునామాలను గుర్తిస్తుంది. వద్దన్నవారిని తనంతట తానే తొలగిస్తుంది. ఎవరికి ఏ రోజు ఏమి పంపామో రికార్డు వుంచుతుంది. పాల కేంద్రంలో ఏ క్యాను ఎవరిది, ఏది పుల్లగా వచ్చింది అని రాసి పెట్టుకొన్నట్లే.

ధర చూసే పద్ధతి

ఈ సేవలు డబ్బు తీసుకొనే పద్ధతులు ముఖ్యంగా రెండు. కొన్ని సేవలు జాబితాలో వున్న చిరునామాల సంఖ్యను బట్టి నెలనెలా తీసుకొంటాయి. మరికొన్ని పంపిన ఉత్తరాల సంఖ్యను బట్టి తీసుకొంటాయి. రోజూ అమ్మకం వున్న పెద్ద దుకాణానికి మొదటిది నయం. ఏటా ఆరు ఉత్తరాలు రాసే పాల సంఘానికి రెండవది నయం. 400 మందికి ఆరుసార్లు అంటే సంవత్సరానికి 2400 ఉత్తరాలు. నెలవారీ పద్ధతిలో అయితే ఏమీ పంపని ఆరు నెలలకు కూడా కట్టవలసి వస్తుంది.

2001లో మొదలై, 2021లో ఇన్‌ట్యూట్ సంస్థ దాదాపు 1200 కోట్ల డాలర్లకు కొనడానికి ఒప్పుకొన్న మెయిల్‌చింప్ ఎక్కువమంది పేరు విన్న సేవ. అది చిరునామాల లెక్కన తీసుకొంటుంది. అందులో ఒక మెలిక వుంది: ఇక వద్దని వెళ్ళిపోయినవారు కూడా, మనం వారిని విడిగా పక్కన పెట్టేవరకు, లెక్కలోనే వుంటారు. ఎండిపోయిన గేదెకు దాణా వేసినట్లు. ఫ్రాన్సుకు చెందిన బ్రెవో – 2023 వరకు దాని పేరు సెండిన్‌బ్లూ – ఉత్తరాల లెక్కను అనుసరిస్తుంది. చెన్నైలో పుట్టిన జోహో వారి క్యాంపెయిన్స్ సేవలో రెండు పద్ధతులూ వున్నాయి, రూపాయల్లో కట్టవచ్చు. అమెజాన్ వారి ఎస్.ఇ.ఎస్. ధర వెయ్యి ఉత్తరాలకు 10 సెంట్లు. మన 2400 ఉత్తరాలకు పావు డాలరు కూడా కాదు. కాని అది వట్టి ఇంజను. దానికి బండి మనం కట్టుకోవాలి. కంప్యూటరు పని పూర్తిగా తెలిసిన మనిషి లేని సంఘం దాని జోలికి పోరాదు.

ఉచితం అని చెప్పే పథకాల హద్దులు తరచు మారుతూ వుంటాయి. చేరే రోజున పేజీని అచ్చు తీసి ఫైలులో పెట్టండి. నన్ను అడిగితే, ధర కంటె ముందు మూడు సంగతులు పరీక్షించమంటాను. జాబితా మొత్తాన్ని ఒక్క నొక్కుతో పట్టికగా దించుకోవచ్చునా? ఖాతాను ఇద్దరు మనుషులు వేర్వేరు సంకేత పదాలతో తెరవవచ్చునా? తెలుగులో రాసిన ఉత్తరం చౌక ఫోనులో కూడా వత్తులు చెదరకుండా కనిపిస్తున్నదా? మూడవదాన్ని అమ్మేవారి మాట మీద నమ్మకండి. పాలకవర్గ సభ్యుల ఫోన్లకు పంపించి చూడండి.

క్యానుకు సీలు

ఎంత మంచి ఉత్తరమైనా చెత్త గదిలో పడితే ప్రయోజనం లేదు. దీనిని తప్పించుకోవాలంటే సంఘానికి సొంత డొమైన్ పేరు వుండాలి. సహకార సంఘాలకే ప్రత్యేకించిన ‘.కో-ఆప్’ అనే చివరి పేరు కూడా వుంది, ‘.ఇన్’ అయినా చాలు. దానిని సంఘం పేరున కొనాలి. ఏటా గడువు తేదీని పాలకవర్గ సమావేశాల కాలెండరులో రాసుకోవాలి.

డొమైన్ వచ్చాక, సేవవారు ఇచ్చే మూడు పంక్తులను డొమైన్ అమ్మినవారి పేజీలో అతికించాలి. పేర్లు వింటే భయం వేస్తుంది: ఎస్.పి.ఎఫ్., డి.కె.ఐ.ఎం., డిమార్క్. మన భాషలో చెప్పుకొందాం. సంఘం నుంచి పాలు శీతలీకరణ కేంద్రానికి వెళుతున్నవి. మా సంఘం క్యాన్లు ఈ ఫలానా వాహనంలోనే వస్తాయి అని కేంద్రానికి ఇచ్చిన కాగితం మొదటిది. క్యాను మూతకు వేసిన సీలు, దారిలో ఎవరూ తెరవలేదని తెలిపేది, రెండవది. కాగితం, సీలు సరిపోకపోతే ఆ క్యానును పక్కన పెట్టండి, లేదా తిప్పి పంపండి, మాకు కబురు చేయండి అని మనమిచ్చే ఆదేశం మూడవది. ఇవి లేకపోతే ఎవరైనా మన సంఘం పేరు పెట్టి, డబ్బు ఈ ఖాతాకు పంపండి అని మన ఖాతాదారులకు రాయవచ్చు.

2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ ఈ విషయంలో గట్టిగా వున్నాయి. రోజుకు 5000కు పైగా జీమెయిల్ చిరునామాలకు పంపేవారికి ఈ మూడూ విధిగా వుండాలి, ఒక్క నొక్కుతో మానుకొనే వీలు వుండాలి, చెత్త అని ఫిర్యాదు చేసేవారు నూటికి 0.3కు చేరకూడదు. అంటే వెయ్యిమందిలో ముగ్గురు. మనం అంత మందికి పంపము. అయినా 400 మందిలో ఇద్దరు విసుక్కొంటే ఆ గీత దాటినట్లే గనుక చిన్నవారే ఎక్కువ జాగ్రత్తగా వుండాలి.

చిరునామా ఎలా రావాలి

జాబితాలు అమ్మేవారు వున్నారు. లక్ష చిరునామాలు ఇంత అని చెబుతారు. కొనకండి. అడగని ఉత్తరం వచ్చినవారు ఫిర్యాదు నొక్కుతారు. అందువల్ల మనల్ని అడిగి ఉత్తరం తెప్పించుకొనేవారికి కూడా అది చేరడం మానేస్తుంది. ఒక్క పుల్లటి క్యాను టబ్బులో పోస్తే ఏమవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

చట్టం కూడా ఇదే చెబుతున్నది. డిజిటల్ వ్యక్తిగత సమాచార పరిరక్షణ చట్టం 2023లో వచ్చింది. దాని నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి. దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. సారాంశం ఏమిటంటే, దేనికోసం తీసుకొంటున్నామో చెప్పి అనుమతి పొందాలి, ఆ పనికే వాడాలి, అనుమతి ఇచ్చినంత సులభంగా వెనక్కి తీసుకొనే వీలు కల్పించాలి. ఆ సమాచారాన్ని తెలుగులో కోరే హక్కు ఇచ్చేవారికి వుంది. కౌంటరు దగ్గర ఒక పుస్తకం పెట్టి, ‘పండుగ నెయ్యి కబురు ఈ-మెయిల్‌లో కావలసినవారు రాయండి, సంవత్సరానికి ఆరుసార్లకు మించి రాయము, వద్దంటే వెంటనే ఆపుతాము’ అని పైన అతికించి, పేరు, చిరునామా, తేదీ, సంతకం గడులు గీయండి. నెయ్యి డబ్బా మీద అంటించే కాగితంలో కూడా ఒక పంక్తి చేర్చవచ్చు. వేగంగా పెరగదు. ఫరవాలేదు.

పాలు పోసే సభ్యుల ఫోన్ నెంబర్లను మాత్రం ఈ పనికి కలపకండి. వారు ఇచ్చినది బిల్లు కోసం.

ఉత్తరం

తళుకుబెళుకుల నమూనాలు సేవవారు ఎన్నో ఇస్తారు. వాటిని వదిలివేయడం మంచిదని నా అభిప్రాయం. ఉత్తరం 102 కిలోబైట్లు దాటితే జీమెయిల్ దానిని మధ్యలో కత్తిరిస్తుంది. అడుగున వుండే ‘మానుకొను’ లింకు కనిపించకుండా పోతుంది. మానుకోలేనివారు ఫిర్యాదు నొక్కుతారు. ఒక చిన్న బొమ్మ చాలు. మామూలు సంక్రాంతి ఉత్తరం ఇలా వుండవచ్చు.

‘విషయం: సంక్రాంతి నెయ్యి – కిలో డబ్బాలు 200 వున్నాయి.

అయ్యా, అమ్మా, నమస్కారమండి. మన సంఘం గేదె నెయ్యి ఈ నెల 2వ తేదీన కాచాము. కిలో డబ్బాలు 200 మాత్రమే వచ్చాయి. ఈ ఏడు మేత ఖరీదు పెరిగినందువల్ల ధర కిందటి ఏటికంటె కొంచెం హెచ్చింది. కొత్త ధర కింద వుంది. 8వ తేదీ సాయంత్రంలోగా కబురు చేసినవారికి భోగికి ముందే అందేలా చూస్తాము. ఇక్కడ మీ ఇంట పెద్దవారికి ఇవ్వమన్నా మా మనిషే తీసుకువెళ్ళి ఇస్తాడు. డబ్బు కట్టవలసిన ఖాతా ఎప్పుడూ వున్నదే, మారలేదు. మారితే ఫోనులో మాట్లాడకుండా మార్చము. – కార్యదర్శి.’

ఇందులో గొప్పలు లేవు, రోగాలు నయమవుతాయన్న మాట లేదు. ఆహార భద్రతా సంస్థ లైసెన్సు నెంబరు, సంఘం పూర్తి చిరునామా అడుగున వుండాలి. ధర హెచ్చిన సంగతి దాచకుండా చెప్పాలి. విదేశాలకు డబ్బా పంపిస్తామని మాత్రం రాయకండి. పాలపదార్థాలకు ఒక్కో దేశానిది ఒక్కో నిబంధన. మనదేశంలోని చిరునామాకే అని స్పష్టంగా చెప్పండి. మన వైపు ‘ఆయ్’ అనే మాట ఎక్కడో ఒకచోట పెడితే డల్లాస్‌లో చదివేవారు నవ్వుకొంటారు; అయితే ప్రతి ఉత్తరంలోనూ పెడితే నాటకం అవుతుంది.

పంపిన తరువాత ఎంతమంది తెరిచారో సేవ చూపిస్తుంది. దానిని నమ్మి మురిసిపోవద్దు. 2021లో యాపిల్ తెచ్చిన మార్పు తరువాత, మనిషి చూడకపోయినా ఉత్తరం తెరిచినట్లు లెక్క పడుతుంది. ఎన్ని డబ్బాలకు కబురు వచ్చింది, ఎంత డబ్బు వచ్చింది, ఎందరు మానుకొన్నారు – ఈ మూడు అంకెలు రిజిస్టరులో రాస్తే చాలు. చిరునామా లేదని తిరిగి వచ్చినవాటిని మళ్ళీ ప్రయత్నించకుండా కొట్టివేయాలి. రెండేళ్ళు పలకనివారికి ‘వుంచమంటారా?’ అని ఒక్క ఉత్తరం రాసి, జవాబు లేకపోతే తీసివేయాలి. జాబితా చిన్నదవుతుందని దిగులుపడేవారు వున్నారు. వట్టిపోయినవాటిని కూడా కలుపుకొని మందను లెక్కించడం ఎందుకు?

మొదట చెప్పిన సంఘం పుస్తకం పెట్టి మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది. ఆ కుర్రవాడే సెలవుకు వచ్చినప్పుడు కూర్చుని కొత్త ఖాతా అమర్చి ఇచ్చాడు, ఈసారి సంఘం పేరున. ఆ రోజు పాలకవర్గం చేసిన తీర్మానం ఇతర సంఘాలకు కూడా పనికివస్తుందని దాని సారం ఇక్కడ ఇస్తున్నాము:

‘సంఘపు డొమైన్ పేరు, ఈ-మెయిల్ సేవ ఖాతా సంఘం పేరున, సంఘం కార్యాలయపు ఫోను నెంబరు మీద మాత్రమే వుండవలెను. ఖాతాను తెరువగలవారు కార్యదర్శి, పాలకవర్గం నియమించిన మరొక సభ్యుడు. వీరిలో ఎవరు మారినను వారంలోగా సంకేత పదములు మార్చవలెను. ఖాతాదారుల జాబితాను ప్రతి మూడు నెలలకు దించి, ఒక ప్రతిని పెన్ డ్రైవ్‌లో బీరువాయందు భద్రపరచి, ఆ తేదీని రిజిస్టరులో వ్రాయవలెను. జాబితాను పాలకవర్గ తీర్మానము లేనిదే ఎవరికిని ఇవ్వరాదు.’